గుండెనొప్పి: రోగి చెప్పిన మాట, వైద్యుడు చేసిన పరీక్ష

తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. ఒక విద్యార్థి కుడిచేతిని తలపైకి నిలువుగా ఎత్తి, ఎడమచేతిని కిందికి వేలాడదీసి, రెండు గుప్పిళ్లను ఒకే వేగంతో ముడుస్తూ, తెరుస్తూ ఉండాలి. కొంతసేపటికే పైకెత్తిన చేయి బరువెక్కి సలపడం మొదలుపెడుతుంది. కింది చేయి ఇంకా హాయిగా పనిచేస్తూనే ఉంటుంది. రెండు చేతులూ చేసిన పని ఒక్కటే. అయితే పైచేతికి రక్తం ఎదురెక్కి పోవలసి ఉన్నది. కనుక ఆ కండరాలకు అందే రక్తం తక్కువ. చేయి దించి కొంచెం ఆగితే ఆ సలుపు పోతుంది. పనికి తగిన రక్తం అందనప్పుడు కండరం నొప్పి రూపంలో మొరపెట్టుకుంటుందన్నమాట.

గుండె కూడా కండరమే. దాని గదులలో ఎప్పుడూ రక్తం నిండి ఉన్నా, ఆ రక్తం దాని సొంత పోషణకు దాదాపుగా ఉపయోగపడదు. చెరువు నిండా నీళ్లున్నా చేనుకు కాలువ కావలసినట్లే, గుండె కండరానికి వేరే కాలువలు కావాలి. బృహద్ధమని గుండె నుండి బయలుదేరిన చోటనే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి రెండు నాళాలు చీలి, గుండె పైభాగాన్ని తీగలవలె అల్లుకొని ఉంటాయి. వీటినే హృద్ధమనులు అంటారు. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు వీటి గుండా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. ఆ రక్తంలోని ఆమ్లజనిలో నాలుగింట మూడు వంతుల వరకు గుండె విశ్రాంతి సమయంలోనే తీసుకొంటుంది. కనుక మనం పరుగెత్తినప్పుడు గుండెకు అదనంగా ఆమ్లజని కావాలంటే రక్తప్రవాహమే పెరగాలి. అది నాలుగైదు రెట్ల వరకు పెరుగుతుంది కూడా. కాని ధమని గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే, కూర్చున్నప్పుడు చాలిన రక్తం మెట్లెక్కేటప్పుడు చాలదు. అప్పుడు రొమ్ములో కలిగే బాధకే ఆంజైనా అని పేరు.

ఇంతవరకు చెప్పినది నేడు పాఠ్యపుస్తకంలో ఒక పేజీలో ముగుస్తుంది. కాని దీనిని తెలుసుకొని, తగిన చికిత్సను నిర్ణయించడానికి వైద్యులకు రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఈ చరిత్రలో వారు నేర్చుకొన్న పాఠాలు రెండు. నొప్పి ఉన్నదని రోగి చెప్పినప్పుడు ఆ మాటను శ్రద్ధగా వినాలి. నొప్పి తగ్గిందని రోగి చెప్పినప్పుడు, అది ఎందువలన తగ్గిందో పరీక్షించి చూడాలి. మొదటి పాఠం తొందరగానే వంటబట్టినది. రెండవది నేర్వడానికి చాలా కాలం పట్టింది.

హెబర్డెన్ విన్న కథ

రొమ్ములో శూల పుట్టి ఊపిరి సలపకుండా చేసే బాధను సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో హృచ్ఛూల అన్నారు. అయితే నడకతో వచ్చి, ఆగితే పోయే నొప్పిని ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించి దానికి ఆంజైనా అన్న పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్. 1768 జూలై 21న అక్కడి రాయల్ వైద్య కళాశాలలో అతడు ఒక వ్యాసం చదివినాడు. అది 1772లో అచ్చయినది.

అప్పటికి గుండె చప్పుడు వినే స్టెతస్కోపు కూడా పుట్టలేదు. హెబర్డెన్ వద్ద ఉన్న సాధనం ఒక్కటే: రోగులు చెప్పినదానిని ఓపికతో విని రాసుకోవడం. అలా విన్న సుమారు 20 మంది మాటలను పోల్చి చూడగా ఒక క్రమం కనిపించినది. వీరికి నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, అందులోనూ భోజనమైన వెంటనే నడిచినప్పుడు, రొమ్ము బిగదీసినట్లు నొప్పి వస్తుంది. ఇంకొంచెం సాగితే ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. నిలబడిపోతే మరుక్షణం బాధ మాయమవుతుంది. తరచుగా అది ఎడమచేతికి పాకుతుంది. ఆ వర్ణనను నేటికీ దిద్దవలసిన పని పెద్దగా లేదు.

అయితే ఈ నొప్పికి కారణం హెబర్డెన్‌కు తెలియదు. అతని వ్యాసం గురించి చదివిన ఒక పాఠకుడు, పేరు చెప్పకుండా, అతనికి ఉత్తరం రాసినాడు. ఆ లక్షణాలన్నీ తనకూ ఉన్నాయనీ, తాను హఠాత్తుగా మరణిస్తే తన శరీరాన్ని కోసి కారణం తెలుసుకోవచ్చుననీ అందులో ఉన్నది. మూడు వారాలైనా గడవకముందే ఆ మనిషి మరణించినాడు. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ శరీరాన్ని పరీక్షించినాడు. కాని మరణానికి తగిన కారణమేదీ ఆ నివేదికలో కనిపించదు. హృద్ధమనులను విప్పి చూడాలని అప్పటికి ఎవరికీ తోచలేదు.

కత్తికి తగిలిన గట్టి పదార్థం

ఆ ఆలోచన కొద్దికాలానికి హంటర్ శిష్యునికి కలిగినది. అతడు తరువాతి కాలంలో మశూచికి టీకా కనుగొని లోకప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ జెన్నర్. ఆంజైనాతో మరణించిన ఒకని గుండెను కోస్తుండగా, అతని కత్తికి గరగరలాడే గట్టి పదార్థమేదో తగిలినది. పాతబడిన పైకప్పు నుండి పెచ్చు ఊడిపడిందేమో అని అతడు తలయెత్తి చూసినాడు. తీరా పరిశీలిస్తే గట్టిపడినవి హృద్ధమనులే. అవి ఎముక గొట్టాలవలె మారిపోయినవి.

జెన్నర్ ఈ సంగతిని వెంటనే ప్రకటించలేదు. దానికి కారణం శాస్త్రానికి చెందినది కాదు. తన గురువు హంటర్‌కు అప్పటికే ఈ వ్యాధి లక్షణాలు కనిపిస్తున్నవి. కారణం వెల్లడిస్తే గురువుకు తన భవిష్యత్తు తెలిసిపోతుందని శిష్యుడు వెనుకాడినాడు. కోపం వస్తే చాలు హంటర్‌కు నొప్పి వచ్చేది. తనకు కోపం తెప్పించగల ఏ దుర్మార్గుని చేతిలోనైనా తన ప్రాణం ఉన్నదని అతడు అంటూ ఉండేవాడట. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జి ఆసుపత్రి సమావేశంలో మాటకు మాట పెరిగినది. హంటర్ పక్కగదిలోకి వెళ్లి, అక్కడే కూలిపోయి మరణించినాడు. శరీరాన్ని పరీక్షించినప్పుడు అతని హృద్ధమనులు గట్టిపడి ఉన్నట్లు తేలినది.

జెన్నర్ మిత్రుడు కేలబ్ ప్యారీ 1799లో ఈ వ్యాధిపై గ్రంథం ప్రచురించి, నొప్పికి మూలం హృద్ధమనులలోనే ఉన్నదని వాదించినాడు. 1809లో గ్లాస్గో వైద్యుడు ఆలన్ బర్న్స్ ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. చేతికో కాలికో కట్టు బిగించి పని చేయిస్తే అది ఎలా త్వరగా అలసిపోతుందో, ధమనులు గట్టిపడిన గుండె కూడా అలాగే శ్రమకు తాళలేదని అతడు వివరించినాడు. మనం తరగతిలో చేసిన ప్రయోగంలోని తర్కం ఇదే.

పేలుడు పదార్థం మందైనది

కారణం తెలిసినంత మాత్రాన చికిత్స దొరకదు. హెబర్డెన్ రోగులలో ఒకడు రోజూ అరగంటసేపు రంపంతో కట్టెలు కోసి దాదాపుగా బాగుపడినాడు. క్రమమైన శారీరక శ్రమ మేలు చేస్తుందన్న నేటి సూచనకు అది తొలి ఉదాహరణ. అయితే నొప్పి వచ్చిన క్షణంలో ఇచ్చే మందు దాదాపు నూరేళ్ల వరకు లేదు.

1867లో ఎడిన్‌బరోలో 23 ఏళ్ల యువ వైద్యుడు లాడర్ బ్రంటన్ ఒక రోగిని రాత్రులు కనిపెట్టుకొని ఉండి, నొప్పి వచ్చినప్పుడల్లా అతని నాడిని రేఖాచిత్రంగా నమోదు చేసినాడు. నొప్పి సమయంలో రక్తపు ఒత్తిడి పెరుగుతున్నట్లు తోచినది. రక్తనాళాలను సడలించే అమైల్ నైట్రైటును గుడ్డపై కొన్ని చుక్కలు వేసి వాసన చూపించగా, ఒక నిమిషం లోపలే నొప్పి మాయమైనది. 1879లో లండన్‌లో విలియం మరెల్ నైట్రోగ్లిసరిన్‌ను ప్రవేశపెట్టినాడు. ముందుగా దాని పలుచని ద్రావణాన్ని తన నాలుకకే తాకించుకొని, నాడి దడదడ కొట్టుకోవడం స్వయంగా అనుభవించిన తరువాతనే అతడు రోగులకు ఇచ్చినాడు.

నైట్రోగ్లిసరిన్ అంటే డైనమైటులోని పేలుడు పదార్థమే. దానితో కోట్లు గడించిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు ముసలితనంలో గుండెనొప్పి వచ్చినది. వైద్యులు అతనికి సూచించిన మందు కూడా అదే! ఈ విచిత్రాన్ని అతడే ఒక మిత్రునికి ఉత్తరంలో రాసి నవ్వుకొన్నాడు. ఈ మందు నుండి శరీరంలో నైట్రిక్ ఆక్సైడు అనే వాయువు విడుదలై రక్తనాళాల కండరాన్ని సడలిస్తుందని ఒక శతాబ్దం తరువాత తెలిసినది. ఆ వాయువు రక్తనాళాలలో చేసే పనిని వెల్లడించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ పేరిటి బహుమానమే లభించినది. నేటికీ నాలుక కింద పెట్టుకొనే చిన్న మాత్ర ఇదే.

1960 దశకంలో జేమ్స్ బ్లాక్ మరొక దారి తొక్కినాడు. గుండెకు రక్తాన్ని పెంచడం కష్టమైతే, గుండె అవసరాన్ని తగ్గించవచ్చు కదా అని అతని ఆలోచన. ఉద్రేకంలోను, శ్రమలోను గుండెను తరిమే రసాయనాలను అడ్డుకొనే ప్రొప్రనొలాల్ అలా పుట్టినది. ఆదాయం పెరగనప్పుడు ఖర్చు తగ్గించుకొన్నట్లే ఇది కూడా. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానం వచ్చినది.

నొప్పిని తగ్గించిన ఉత్తుత్తి శస్త్రచికిత్స

ఇప్పుడు రెండవ పాఠానికి వద్దాం. రొమ్ము ఎముకకు ఇరువైపులా లోపలి గోడపై రెండు ధమనులు దిగుతాయి. వీటిని కట్టివేస్తే రక్తం దారి మళ్లి, పక్క శాఖల గుండా గుండెకు చేరుతుందని ఇటలీ శస్త్రవైద్యులు భావించినారు. 1950 దశకంలో ఈ పద్ధతి అమెరికాకు చేరినది. మత్తుమందు కూడా ఆ ఒక్క చోట ఇస్తే చాలు. చర్మం కోసి, ధమనులకు ముడి వేసి, కుట్లు వేస్తారు. రోగులలో చాలామంది నొప్పి తగ్గిందన్నారు. మాత్రలు మానినవారు, ఎక్కువ దూరం నడవగలిగినవారు ఉన్నారు. పత్రికలు మెచ్చుకొన్నవి.

కొందరు వైద్యులకు మాత్రం సందేహం కలిగినది. సియాటిల్‌లో లియొనార్డ్ కాబ్, అతని సహచరులు 17 మంది రోగులను తీసుకొన్నారు. అందరికీ చర్మం కోసినారు. ఎనిమిది మందికి ధమనులు కట్టినారు. తొమ్మిది మందికి ఏమీ చేయకుండానే కుట్లు వేసినారు. ఎవరికి ఏమి చేసినదీ రోగులకు గాని, తరువాత వారిని పరీక్షించిన వైద్యులకు గాని తెలియదు. 1959లో ఫలితాలు వెలువడినవి. ధమనులు కట్టినవారెంత మేలు పొందినారో, కట్టనివారూ అంతే మేలు పొందినారు. 1960లో కాన్సాస్‌లో గ్రే డైమండ్ బృందం 18 మందితో చేసిన పరీక్షలోను ఇదే తేలినది. ఆ శస్త్రచికిత్స అంతటితో మూలబడినది.

రోగులు అబద్ధం చెప్పినారా? లేదు. వారికి నిజంగానే నొప్పి తగ్గినది. నమ్మకం, వైద్యుని ఆదరణ, శస్త్రచికిత్స జరిగిందన్న ధైర్యం, బాధ దానంతటదే హెచ్చుతగ్గులు పొందడం, ఇవన్నీ కలిసి నొప్పిని తగ్గించగలవు. తగ్గించనిది ముడి మాత్రమే. అయితే ఈ పరీక్షలో ఒక దోషం కూడా ఉన్నది. ఒక కొత్త పద్ధతిని పరిశీలిస్తున్నామని రోగులకు చెప్పినారు గాని, ఉత్త కోత మాత్రమే జరగవచ్చునని చెప్పలేదు. నేడు రోగి సమ్మతి లేకుండా అటువంటి పరీక్షను అనుమతించరు.

కంటికి కనిపించిన ధమని

అంతవరకు బ్రతికి ఉన్న మనిషి హృద్ధమనులను స్పష్టంగా చూసినవారు లేరు. ఐంథోవెన్ 20వ శతాబ్ది ఆరంభంలో రూపొందించిన విద్యుత్ హృల్లేఖిని, అనగా ఈసీజీ యంత్రం, గుండె విద్యుత్తును గీతలుగా చూపేది. కాని నొప్పి లేని సమయంలో ఆ గీతలు చాలామందిలో మామూలుగానే ఉంటాయి. అందువలన రోగిని మెట్లు ఎక్కించి దింపి, తరువాత కదిలే పట్టాపై నడిపించి, శ్రమలో ఆ గీతలను పరిశీలించడం అలవాటైనది. పట్టా నడకకు 1963లో రాబర్ట్ బ్రూస్ ఏర్పరచిన క్రమం నేటికీ వాడుకలో ఉన్నది. హెబర్డెన్ విన్న నియమమే ఇక్కడా పనిచేస్తున్నది: నడిపించు, ఏమవుతుందో చూడు.

1958 అక్టోబరు 30న క్లీవ్‌లండ్‌లో మేసన్ సోన్స్ ఒక యువకుని బృహద్ధమనికి ఎక్స్‌రే చిత్రం తీస్తుండగా, లోపలికి పంపిన సన్నని గొట్టం జారి కుడి హృద్ధమనిలో దూరినది. రంగుమందు అంతా అందులోకే పోయినది. గుండె ఆగినది. సోన్స్ గాభరాగా దగ్గమని కేక వేసినాడు. రోగి దగ్గగానే గుండె మళ్లీ కొట్టుకొన్నది. ప్రాణాపాయమనుకొన్న ఆ పొరపాటు నుండే హృద్ధమనుల చిత్రీకరణ, అనగా యాంజియోగ్రామ్, పుట్టినది.

అడ్డంకి ఎక్కడ ఉన్నదో కనిపించిన తరువాత దానిని దాటే మార్గాలు వచ్చినవి. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కొలెసొవ్, పూర్వం వృథాగా కట్టివేసిన ఆ రొమ్ము ధమనినే తెచ్చి నేరుగా హృద్ధమనికి అతికినాడు. నాడు ఊహలో మిగిలిన రక్తం ఈసారి నిజంగా గుండెకు చేరినది. 1967లో క్లీవ్‌లండ్‌లో రెనె ఫవలోరో కాలి సిరతో పక్కదారి వేసి, బైపాస్ శస్త్రచికిత్సను వ్యాప్తిలోకి తెచ్చినాడు. 1977 సెప్టెంబరు 16న జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ రొమ్ము కోయకుండానే, చిన్న బుడగను ధమనిలోకి పంపి ఉబ్బించి దారి వెడల్పు చేసినాడు. 1986 నుండి ఆ దారి మళ్లీ మూసుకొనిపోకుండా స్టెంటు అనే లోహపు జాలి గొట్టాన్ని అమర్చసాగినారు.

పాత ప్రశ్న మళ్లీ వచ్చినది

స్టెంటు అమర్చిన తరువాత రోగులు నొప్పి తగ్గిందన్నారు. ఆ మాట 1950 దశకంలోనూ విన్నదే. కాబ్ పరీక్షను స్టెంటుకూ చేయాలని బ్రిటన్‌లో రాషా అల్ లామీ నాయకత్వంలోని బృందం నిశ్చయించినది. ఈసారి రోగుల పూర్తి సమ్మతితో, 200 మందికి ముందుగా మందులు సక్రమంగా ఇచ్చి, తరువాత సగం మందికి స్టెంటు అమర్చి, సగం మందికి అమర్చినట్లు నటించినారు. 2017లో వచ్చిన ఫలితం వైద్యలోకాన్ని కుదిపినది. ఆరు వారాల తరువాత ఇరువర్గాలవారు పట్టాపై నడవగలిగిన కాలంలో చెప్పుకోదగిన తేడా లేదు.

అయితే స్టెంటు పనికిరాదని దీని అర్థం కాదు. అదే బృందం 2023లో ప్రకటించిన రెండవ పరీక్షలో 301 మందికి నొప్పి మందులు ఆపి చూసినారు. అప్పుడు స్టెంటు నిజంగానే నొప్పిని తగ్గించినది. కాని స్టెంటు అమర్చినవారిలోను పూర్తిగా నొప్పి పోయినవారు సుమారు 40 శాతమే. ధమనిలోని ఇరుకు, రోగి పడే బాధ ఒకటి కావని ఇందువలన స్పష్టమైనది. పెద్ద ధమనులు బాగుండి, అతిసన్నని నాళాల లోపం వలన గాని, ధమని హఠాత్తుగా బిగుసుకొనడం వలన గాని నొప్పి పడేవారూ ఉన్నారు. చిత్రంలో అడ్డంకి లేదని వారి బాధను కొట్టివేయరాదు.

నొప్పి తగ్గడం వేరు, ఆయువు పెరగడం వేరు. 1994లో స్కాండినేవియా దేశాలలో 4,444 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షలో, రక్తంలోని కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మందు మరణాలను సుమారు 30 శాతం తగ్గించినది. ఆ మాత్ర మింగితే వచ్చిన నొప్పి వెంటనే పోదు. కాని ప్రాణాన్ని కాపాడుతుంది. 2020లో ప్రచురితమైన మరొక పరీక్షలో 37 దేశాలలోని 5,179 మంది నిలకడగా ఉన్న రోగులు పాల్గొన్నారు. మొదటే స్టెంటు గాని, బైపాస్ గాని చేయడం వలన, మందులతో మొదలుపెట్టిన దానికంటె మరణాలు తగ్గలేదు. తరచుగా నొప్పి వచ్చేవారికి మాత్రం ఉపశమనం ఎక్కువగా కలిగినది. ఎడమ ప్రధాన హృద్ధమనిలో అడ్డంకి ఉన్నవారికి బైపాస్ ఆయువును పెంచుతుంది. గుండెపోటు వచ్చినప్పుడు వెంటనే ధమనిని తెరవడం ప్రాణదానమే. ఏ రోగికి ఏది అన్నదే ప్రశ్న.

నేటి వైద్యుడు ఏమి అడుగుతాడు?

సి.టి. యంత్రాలు, గొట్టాలు ఎన్ని వచ్చినా, వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు మూడే. నొప్పి రొమ్ము నడుమ బిగదీసినట్లు ఉన్నదా? శ్రమతోనో, ఉద్రేకంతోనో వస్తున్నదా? విశ్రాంతితోనో, నాలుక కింది మాత్రతోనో కొద్ది నిమిషాలలో పోతున్నదా? మూడింటికీ అవునంటే హృద్ధమనులపై అనుమానం బలపడుతుంది. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహం ఉన్నవారిలోను నొప్పికి బదులు ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. కనుక వారి మాటను ఇంకా శ్రద్ధగా వినాలి.

విద్యార్థులు ఒక సంగతి ఇంటివద్ద తప్పక చెప్పాలి. రొమ్ములో నొప్పి విశ్రాంతిలో కూడా తగ్గకుండా ఉన్నా, చెమటలు, ఊపిరాడకపోవడం తోడైనా అది గుండెపోటు కావచ్చు. దానిని వాయువనో, అజీర్ణమనో అనుకొని తెల్లవారేవరకు ఆగరాదు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

హెబర్డెన్ వద్ద యంత్రం లేదు, మందు లేదు. వినే ఓపిక ఉన్నది. కాబ్ వద్ద ఉన్నది సందేహించే ధైర్యం. ఈ రెండూ లేకపోయి ఉంటే, తరువాత వచ్చిన గొప్ప సాధనాలు ఎవరికి మేలు చేస్తాయో, ఎవరికి చేయవో మనకు తెలిసి ఉండేది కాదు. విని నమ్మడం, నమ్మినదానిని పరీక్షించడం ఒకదానికొకటి విరుద్ధాలు కావు. రెండూ కలిసినప్పుడే వైద్యం శాస్త్రమవుతుంది.